అమెరికా పాముకాటు మాడ్యూల్‌ని మన హౌస్ సర్జన్లకి పనికొచ్చేలా మార్చడం ఎలా?

కోస్తా_మెడిసిన్ · శుక్రవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక గవర్నమెంట్ కాలేజీలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే మా క్యాజువాల్టీకి పాముకాట్లు వరస కడతాయి. దివిసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు, 2018లో సంగతి మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం దాకా వెళ్ళింది. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ అదే క్లాసు మొదటి నుంచి చెప్తున్నాను. సగం మంది డ్యూటీ దిగి కునికిపాట్లు పడుతూ వింటారు, మిగతా సగం అసలు రారు.

మొన్న నెట్‌లో ఒక అమెరికా యూనివర్సిటీ వాళ్ళ మాడ్యూల్ కనపడింది. చాలా బాగుంది. కేసు మొదలవుతుంది, మనం ఒక ఆప్షన్ నొక్కుతాం, దాన్ని బట్టి పేషెంటు తేరుకుంటాడు లేదా ఐసీయూకి పోతాడు. ఫోన్‌లో అరగంటలో అయిపోతుంది. హెచ్5పీలో (ఇలాంటి నొక్కే పాఠాలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) చేశారు కాబట్టి ఫైల్ దించుకుని మన మూడుల్‌లో, అంటే కాలేజీ ఆన్‌లైన్ క్లాసుల సైటులో, పెట్టుకోవచ్చు. కింద క్రియేటివ్ కామన్స్ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0 అని రాసి ఉంది.

నా డౌట్లు రెండు. దీన్ని మార్చి మా పిల్లలకి ఇస్తే కాపీరైట్ గొడవ ఏమైనా వస్తుందా? తెలుగులోకి తేవాలా, ఇంగ్లీషులోనే ఉంచాలా? పాముల పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేస్తే రెండు ఆదివారాల పని అనుకుంటున్నా.

లైబ్రరీ_అక్కయ్య · శుక్రవారం రాత్రి 10:15

గొడవ ఉండదు డాక్టర్ గారూ, ఆ లైసెన్సు మిమ్మల్ని మార్చుకోమనే చెప్తోంది. "బై" అంటే చేసినవాళ్ళ పేరు చెప్పాలి. "ఎన్‌సీ" అంటే దాని మీద వ్యాపారం చేయకూడదు. "ఎస్‌ఏ" అంటే మీరు మార్చిన దాన్ని బయట పెడితే అదే లైసెన్సుతో పెట్టాలి, తాళం వేసుకోకూడదు. అదే "ఎన్‌డీ" (మార్చినది పంచకూడదు) అని ఉంటే కథ వేరు. అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది, చేసుకుని మీ దగ్గర ఉంచుకోవాలే గానీ పంచకూడదు.

చాలామంది పేరు రాసేసి అయిపోయిందనుకుంటారు. మీరు మార్పులు చేశారన్న సంగతి కూడా రాయాలి, అదీ షరతే. పేరు, అసలు దాని లింకు, లైసెన్సు లింకు, మీ మార్పులు, ఈ నాలుగూ మొదటి తెర మీదే పెట్టేయండి. మర్చిపోయారే అనుకోండి, 4.0 వెర్షన్‌లో తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుంది. కంగారు పడక్కర్లేదు.

ఇంకో మాట. క్లాసులో పాఠం చెప్పే క్రమంలో వాడుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(ఐ) ఎటూ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు దానికి విశాలమైన అర్థమే చెప్పింది. కానీ అది మీ క్లాసు వరకు. వెబ్‌సైట్లో అందరికీ పెడతానంటే ఆ సెక్షన్ మీద ఆధారపడకండి, లైసెన్సు మీద ఆధారపడండి.

గాజుపలక · శుక్రవారం రాత్రి 11:02

రెండు ఆదివారాలా! నాయనా, నేను పాథాలజీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్మెంటుకి దగ్గర పడ్డవాణ్ణి. పరాయి దేశపు పాఠం తెచ్చి పేర్లు మార్చడం ఎలాంటిదంటే, పెళ్ళి పత్రికలో పేర్లు కొట్టేసి మన పిల్లవాడి పేరు రాసుకోవడం లాంటిది. ముహూర్తం కూడా మనది కాదు కదా.

వాళ్ళ పాములు ఎక్కువగా పిట్ వైపర్లు, అంటే ర్యాటిల్ స్నేక్, కాపర్‌హెడ్. కరిస్తే వాపు, నొప్పి, రక్తం గడ్డకట్టకపోవడం. వాళ్ళ యాంటీవీనమ్‌లలో, అంటే విషం విరుగుడు మందుల్లో, ఒకటి గొర్రె నుంచి తీసింది, నాలుగారు వయల్స్‌తో మొదలెడతారు. మన విరుగుడు ఏఎస్‌వీ గుర్రం నుంచి తీసింది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే మందు, మొదటి డోసే ఎనిమిది నుంచి పది వయల్స్. రియాక్షన్లు ఎక్కువ, అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. దాని తయారీకి వాడే విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. ఆ ముక్క కూడా పెట్టండి, పిల్లలకి మందు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి.

మాడ్యూల్ ఒకసారి స్క్రీన్ వారీగా చూసి ఏది మనకి నిజం, ఏది కాదు అని రాసుకు రండి. తర్వాత మాట్లాడదాం.

కోస్తా_మెడిసిన్ · ఆదివారం సాయంత్రం 6:20

సార్ చెప్పినట్టే కూర్చున్నా. 34 స్క్రీన్లు. చేయి వేయకుండా ఉంచగలిగినవి 11. సిగ్గుపడాల్సిన విషయమేంటంటే, మొదటిసారి చూసినప్పుడు ఇవేవీ నా కంట పడలేదు.

కేసు మొదట్లోనే ఒకాయన కొండల్లో నడకకి వెళ్ళి కాటు వేయించుకుంటాడు. మన కేసు అలా రాదు. తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రి చాప మీద పడుకున్న ఆడమనిషి "కడుపులో నొప్పి" అంటూ వస్తుంది. వాపు లేదు, కాటు గుర్తు కూడా కనపడదు. కట్లపాము. ఈ కేసు వాళ్ళ మాడ్యూల్‌లో లేనే లేదు. దానికి దగ్గరగా, నరాల మీద పనిచేసే విషమున్న కోరల్ స్నేక్ కేసు ఒకటి ఉంది గానీ రెండు స్క్రీన్లలో అయిపోతుంది.

ఇంకోటి. రెప్పలు వాలితే న్యూరోటాక్సిక్ (నరాల మీద పనిచేసే విషం), రక్తం గడ్డకట్టకపోతే వైపర్ అని రెండు బాణాలు గీశారు. వాళ్ళకి సరిపోతుందేమో. దక్షిణ భారతంలో, శ్రీలంకలో రక్తపింజర కాటుకి కూడా రెప్పలు వాలొచ్చు. ఆ బాణాల బొమ్మ అలాగే తెలుగులో పెట్టి ఉంటే నేనే తప్పు నేర్పినవాణ్ణి అయ్యుండేవాణ్ణి.

ల్యాబ్ స్క్రీన్‌లో రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఫిబ్రినోజెన్, ప్లేట్లెట్లు, పీటీ పరీక్షలన్నీ పది నిమిషాల్లో వచ్చేస్తాయి. మా రాత్రి డ్యూటీలో నవ్వుతారు. అక్కడ 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష పెట్టాలి.

రాత్రి_డ్యూటీ · ఆదివారం రాత్రి 8:41

సార్, హౌస్ సర్జన్‌ని. ఆ 20 నిమిషాల టెస్టు గురించి ఒక్క స్క్రీన్ కాదు, వీడియో పెట్టండి ప్లీజ్. మాకు థియరీ వచ్చు. 2 ఎంఎల్ రక్తం, శుభ్రమైన పొడి గాజు ట్యూబు, 20 నిమిషాలు కదపకూడదు, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. వైవాలో అందరం చెప్పేస్తాం. డ్యూటీలో ఏం జరుగుతుందంటే గాజు ట్యూబు దొరకదు, ప్లాస్టిక్ ట్యూబులో పోసేస్తాం. ఐదో నిమిషంలో అటెండర్ వచ్చి ఊపి చూస్తాడు. పదో నిమిషంలో పేషెంటు బావగారు ఊపి చూస్తాడు.

గాజుపలక · ఆదివారం రాత్రి 8:58

బావగారి సంగతి స్క్రిప్టులో పెట్టండి, పిల్లలు మర్చిపోరు.

గాజే ఎందుకో కూడా చెప్పండి. గాజు గోడ తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ చురుగ్గా మొదలవుతుంది, రక్తంలో దాన్ని మొదలెట్టే ఫ్యాక్టర్ 12 గుర్తుందిగా. ప్లాస్టిక్‌లో మామూలు మనిషి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టక, లేని విషం ఉన్నట్టు కనపడొచ్చు. కారణం తెలిసినవాడు ట్యూబు కోసం వెతుకుతాడు. తెలియనివాడు ఏది దొరికితే దానిలో పోస్తాడు.

ఎడారి_నుంచి · ఆదివారం రాత్రి 11:30

నమస్తే. నాది రాజస్థాన్, ఆల్ ఇండియా కోటాలో ఇక్కడ పీజీ. తెలుగు మూడేళ్ళలో నేర్చుకున్నాను, తప్పులు ఉంటే క్షమించాలి.

తెలుగు కావాలా ఇంగ్లీషు కావాలా అని సార్ అడిగారు. నా అనుభవం చెప్తాను. మొదటి ఏడాది నైట్ డ్యూటీ. ఒక పెద్దాయనని తీసుకొచ్చారు. కొడుకు "పురుగు ముట్టింది సార్" అన్నాడు. నాకు పురుగు అంటే ఇన్సెక్ట్ అని తెలుసు. కేస్ షీట్‌లో ఇన్సెక్ట్ బైట్ అని రాసి ఎవిల్ (అలర్జీకి ఇచ్చే మందు) ఇంజెక్షన్ చెప్పాను. తర్వాత కొడుకు "నాన్నకి నిద్ర వస్తోంది అంటున్నాడు" అన్నాడు. నేను మత్తు అని రాశాను. సిస్టర్ గారు వచ్చి ఆ పెద్దాయన మొహం చూసి "డాక్టర్ బాబూ, పురుగు అంటే పామే. రాత్రి పూట పేరు పలకరు. నిద్ర కాదు, రెప్పలు లేవట్లేదు" అన్నారు. పేషెంటు బతికాడు, సిస్టర్ గారి వల్ల.

నాకు మాడ్యూల్ ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు. కానీ పేషెంటు మాట తెలుగులోనే ఉండాలి, వినపడాలి. రాసి ఉంటే సరిపోదు.

ఏఎన్‌ఎం_ట్యూటర్ · సోమవారం ఉదయం 6:10

ఎడారి బాబూ, నీ తెలుగు మా పిల్లల తెలుగు కంటే నయం. ఆ సిస్టర్ లాంటివాళ్ళు ప్రతి వార్డులో ఉంటారు, మాడ్యూళ్ళు చేసేటప్పుడు మాత్రం ఎవరూ పిలవరు. అదో బాధ.

కోస్తా సార్, పేషెంటు మాటలు రికార్డు చేస్తే ఒక్క జిల్లా తెలుగుతో సరిపెట్టకండి. మీ దగ్గర ఆయాసం అంటారు, తెలంగాణలో చాలాచోట్ల దమ్ము అంటారు. వాంతులు ఒకచోట, కక్కుడు ఇంకోచోట. జలుబు, పడిశం, సర్ది. జ్వరం కాదు జరం. "కళ్ళు మూతలు పడుతున్నాయి", "కళ్ళు బరువుగా ఉన్నాయి", "మబ్బుగా కనపడుతోంది", "ఒకటి రెండుగా కనపడుతోంది", "గుటక దిగట్లేదు", ఇవన్నీ ఒక్క పాముకే చెప్తారు. నా దగ్గర పాముకాటు మీద ఏఎన్‌ఎంలకి ఇచ్చిన 12 పేజీల తెలుగు పుస్తకం ఉంది, అందులో ఇలాంటి మాటల పట్టిక వేశాం. తీసుకోండి. చిక్కేంటంటే అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేయించాం. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే గజిబిజి గుర్తులు వస్తున్నాయి. డీటీపీ చేసినబ్బాయి ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు.

లైబ్రరీ_అక్కయ్య · సోమవారం ఉదయం 10:40

అక్కా, మన తెలుగు మెటీరియల్ సగం ఇలాగే చచ్చిపోయింది. పంచలేదని కాదు. పంచారు, తర్వాతివాడు మార్చుకోలేని రూపంలో పంచారు. పీడీఎఫ్ అంటే ఫోటో తీసి ఇచ్చిన వంట లాంటిది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ఒకళ్ళు కూర్చుని దిద్దాలి. నాకు పంపండి, నేను దిద్దుతా.

కోస్తా డాక్టర్ గారూ, మీరు మాత్రం మార్చుకోగలిగే హెచ్5పీ ఫైలు, బొమ్మల అసలు ఫైళ్ళు, ఆడియో విడిగా, స్క్రిప్టు యూనికోడ్‌లో, అన్నీ కలిపి పెట్టండి. రేపు అనంతపురం వాళ్ళు మీ కాలవగట్టు కేసు తీసి వేరుశనగ చేలో కేసు పెట్టుకుంటారు.

ఫిజియాలజీ_బెంచీ · సోమవారం మధ్యాహ్నం 1:15

అందరూ దానకర్ణులయ్యారు కాబట్టి నేను అడ్డం పడతా. పదేళ్ళు కూర్చుని యానిమేషన్లతో స్లైడ్లు చేసుకున్నా. జూనియర్ ఒకడు అడిగితే ఇచ్చా. ఏడాది తిరక్కుండా ఒక కోచింగ్ యాప్‌లో నా స్లైడ్లు ప్రత్యక్షం. నా పేరు చెరిపి వాళ్ళ వాటర్‌మార్క్ వేశారు. నేను చేసిన స్పెల్లింగ్ తప్పు కూడా అలాగే ఉంది! మా స్టూడెంటే వచ్చి "సార్, వీళ్ళ స్లైడ్లు మీ వాటికంటే బాగున్నాయి" అన్నాడు.

దానికి తోడు ప్రమోషన్ కావాలంటే పేపర్లు అడుగుతారు. మాడ్యూల్ చేశానంటే "మంచిది" అంటారు. ఆదివారాలు పోయేది నావి.

లైబ్రరీ_అక్కయ్య · సోమవారం మధ్యాహ్నం 2:05

సార్, ఆ స్పెల్లింగ్ తప్పే మీకు సాక్ష్యం. కానీ మీరు ఏ లైసెన్సూ లేకుండా వాట్సాప్‌లో ఇచ్చారు. తేదీ వేసి, పేరుతో, ఎన్‌సీ అని రాసి బహిరంగంగా ఒకచోట పెట్టి ఉంటే, యాప్ వాళ్ళకి రాసే మొదటి ఉత్తరం చాలా చిన్నదిగా ఉండేది. దాచుకున్నందువల్ల దొంగతనం ఆగలేదు కదా.

ఎన్‌సీ గురించి ఒక అపోహ కూడా ఉంది. ప్రైవేటు కాలేజీ ఫీజు తీసుకుంటుంది కాబట్టి వాడకూడదంటారు. ఎన్‌సీ చూసేది వాడే మనిషిని కాదు, వాడే పనిని. మామూలు క్లాసులో చూపించడం వేరు, దాన్నే ప్యాకేజీ కట్టి అమ్మడం వేరు. మధ్యలో అస్పష్టంగా ఉండేవి ఉన్నాయి, అక్కడ అసలు వాళ్ళకి ఒక మెయిల్ కొట్టడమే మేలు. చాలామంది సంతోషంగా సరే అంటారు.

ఫిజియాలజీ_బెంచీ · సోమవారం మధ్యాహ్నం 2:20

సరే తల్లీ. ప్రమోషన్ సంగతి మాత్రం నీ లైబ్రరీలో కూడా దొరకదు.

లెస్టర్_తెలుగు · మంగళవారం తెల్లవారుజామున 3:35

ఇక్కడ ఇంకా రాత్రే. ఇంగ్లాండులో రిజిస్ట్రార్‌ని. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క విషసర్పం యాడర్, కాబట్టి పాముల మీద నేను మాట్లాడను. యూనిట్ల గురించి మాట్లాడతా, ఎందుకంటే బ్రిటన్ మాడ్యూళ్ళు కూడా మన వాళ్ళు చాలా వాడతారు.

ఇక్కడ గ్లూకోజ్ 11.1 అంటే మీ 200. పద్దెనిమిదితో గుణించాలి. క్రియాటినిన్ 177 అని చూసి మన పిల్లలు హడలిపోతారు, 88.4తో భాగిస్తే 2. రక్తపింజర కేసులో కిడ్నీ ముఖ్యం కాబట్టి ఈ మార్పు వదిలేయకండి. అమెరికా వాళ్ళది మీ యూనిట్లే గానీ మందుల పేర్లు తేడా. ఎపినెఫ్రిన్ అంటే అడ్రినలిన్, అల్బ్యుటెరాల్ అంటే సాల్బ్యుటమాల్, ఎసిటమినోఫెన్ అంటే పారాసిటమాల్. వెతికి మార్చు అనే కమాండుతో చేస్తే మధ్యలో ఉన్న బొమ్మల లోపలి అక్షరాలు మారవు. నేను ఒకసారి అలాగే ఇరుక్కున్నా, పైన అడ్రినలిన్, బొమ్మలో ఎపినెఫ్రిన్. "సార్, ఇవి రెండు వేర్వేరు మందులా, రెండూ ఇవ్వాలా" అని అడిగింది ఒకమ్మాయి. 911 తీసి 108 పెట్టడం మాత్రం మర్చిపోకండి. హైదరాబాద్‌లో 2005లో పుట్టిన నంబర్ అది.

కోస్తా_మెడిసిన్ · మంగళవారం రాత్రి 9:30

బొమ్మల దగ్గర ఆగాను. రక్తపింజర ఫోటో వికీమీడియాలో మంచిది దొరికింది, బై-ఎస్‌ఏ. నా మాడ్యూల్ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ. రెండూ పొసగవంటున్నారు, నిజమేనా? రెప్పలు వాలిన పేషెంటు ఫోటోలు నా ఫోన్‌లో మూడు ఉన్నాయి. కళ్ళ మీద నల్ల పట్టీ వేసి పెట్టేయనా?

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 9:34

సార్, రెప్పలు చూపించే ఫోటోలో కళ్ళ మీద పట్టీ వేస్తే ఇంకేం చూస్తాం సార్ 😀

కోస్తా_మెడిసిన్ · మంగళవారం రాత్రి 9:36

డ్యూటీ ఎక్కువైంది తమ్ముడూ. వదిలెయ్.

లైబ్రరీ_అక్కయ్య · మంగళవారం రాత్రి 10:10

నవ్వు ఆగట్లేదు. పాము ఫోటో సంగతి: దాన్ని ముట్టుకోకుండా, కింద తీసినవాళ్ళ పేరు, బై-ఎస్‌ఏ అని రాసి, ఆ ఫోటో వరకు ఆ లైసెన్సే వర్తిస్తుందని చెప్పి పెడితే ఇబ్బంది లేదు. దాని మీద మీ గీతలు కలిపి ఒకే కొత్త బొమ్మ చేస్తేనే చిక్కు. రెండు ఎస్‌ఏలూ "నా లైసెన్సే పెట్టు" అని పట్టుబడతాయి.

గాజుపలక · మంగళవారం రాత్రి 10:45

పేషెంటు ఫోటోల గురించి నా తప్పు ఒకటి చెప్తా, నేర్చుకోండి. ఒక వర్క్‌షాప్‌కి పవర్‌పాయింట్ పంపాను. గాజు స్లైడు ఫోటో, లేబుల్ మీద పేషెంటు పేరు, బయాప్సీ నంబరు ఉన్నాయి. నీటుగా క్రాప్ చేశాననుకున్నా. ఒక పీజీ ఫోన్ చేసి, "సార్, బొమ్మ మీద రీసెట్ నొక్కితే మొత్తం వచ్చేస్తోంది" అన్నాడు. పవర్‌పాయింట్‌లో క్రాప్ అంటే కత్తిరించడం కాదు, పక్కకి దాచడం. కత్తిరించిన భాగాలు తొలగించు అనే ఆప్షన్ విడిగా నొక్కాలి, లేదా బయటే కత్తిరించి తెచ్చి అతికించాలి. అప్పటికే ఆ ఫైలు నలభై మంది దగ్గర ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. స్కాన్లయితే ఫైలు లోపల పేరు వేరే ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది.

ఆ మూడు ఫోటోలు తీసేటప్పుడు ట్రీట్‌మెంటుకి ఒప్పుకున్నారు, ప్రపంచానికి చూపించడానికి కాదు. పేషెంటు తేరుకున్నాక తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి, వద్దంటే వద్దు. లేదా గీత బొమ్మ వేయించండి. మా డిపార్ట్‌మెంటులో ఆర్టిస్టు పోస్టు ఖాళీ అయి చాలా ఏళ్ళయింది. మీ స్టూడెంట్లలో బొమ్మలు గీసేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 11:20

నేను గీస్తాను సార్. నాలుగు బొమ్మలు: మామూలు కళ్ళు, సగం వాలినవి, పూర్తిగా వాలినవి, పైకి చూడమంటే నుదురు ముడతలు పడి తల వెనక్కి వాల్చేది. ఆ చివరిది ఏ పుస్తకంలోనూ సరిగ్గా చూడలేదు, వార్డులోనే చూశా. మన మనుషుల మొహాలే వేస్తా.

కోస్తా_మెడిసిన్ · నెల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

రెండు ఆదివారాలు అన్నవాణ్ణి ఐదు ఆదివారాలు కూర్చున్నా. వెర్షన్ 2 మూడుల్‌లో పెట్టాం, ఫోల్డర్ లింకు లైబ్రరీ అక్కయ్య పిన్ చేశారు. అసలు వాళ్ళకి మెయిల్ రాస్తే జవాబిచ్చారు, మన కట్లపాము కేసు ఇంగ్లీషులో పంపితే వాళ్ళ సైటు నుంచి లింకు ఇస్తామన్నారు.

ఇప్పుడు ఉన్నవి మూడు కేసులు. చాప మీద పడుకున్నామె, పొలంగట్టు మీద రక్తపింజర తొక్కిన రైతు, విషం ఎక్కని ఉత్తుత్తి కాటు. ఏ కేసులోనూ మొదటి వాక్యంలో పాము అనే మాట రాదు. "పురుగు ముట్టింది" అనే వస్తుంది, ఏఎన్‌ఎం అక్క స్టూడెంట్ల గొంతులో, నాలుగు యాసల్లో. స్క్రీన్ మీద ఇంగ్లీషు, పేషెంటు మాట తెలుగు. ఇన్సెక్ట్ బైట్ అని నొక్కితే సిస్టర్ పాత్ర వచ్చి ఆపుతుంది. గొంతు ఎవరిదో ఎడారి బాబుకి తెలుసు, ఆవిడ చాలా సంతోషంగా ఇచ్చారు. బావగారు కూడా ఉన్నారు, పదో నిమిషంలో ట్యూబు ఊపుతారు.

38 మంది చేశారు. ఎక్కువమంది ట్యూబు దగ్గరే తప్పు నొక్కారు, ప్లాస్టిక్ ఎంచుకుని.

రాత్రి_డ్యూటీ · ఆదివారం రాత్రి 10:02

సార్, ఒక సంగతి. మాడ్యూల్ చూశాక మా క్యాజువాల్టీకి గాజు ట్యూబులు అడిగి తెప్పించాం. రెండు కేసుల్లో గడ్డకట్టలేదు. రెండో కేసులో డౌటొచ్చి నా రక్తం నేనే తీసుకుని పోశా. అదీ గడ్డకట్టలేదు! వెళ్ళి చూస్తే ట్యూబుల్ని సబ్బు పొడితో కడిగి ఆరబెడుతున్నారు.

గాజుపలక · ఆదివారం రాత్రి 10:09

శభాష్. డిటర్జెంట్ పొర మిగిలితే గాజు గాజులా పనిచేయదు. కొత్త ట్యూబు వాడాలి, ఒకసారి వాడింది మళ్ళీ వద్దు. ఇది మాడ్యూల్‌లో ఉందా?

కోస్తా_మెడిసిన్ · ఆదివారం రాత్రి 10:15

"శుభ్రమైన" అని ఉంది సార్. ఆ మాట వల్లే కడిగినట్టున్నారు. "కొత్త, కడగని" అని మార్చి వెర్షన్ 3 ఈ రాత్రే పెడతా. మార్పుల పట్టికలో ఎవరి పేరు రాయను తమ్ముడూ, నీదేనా?

రాత్రి_డ్యూటీ · ఆదివారం రాత్రి 10:17

నాది, ట్యూబులు కడిగే లక్ష్మక్కది సార్. ఆమెకి చెప్తే "నాకెవరు చెప్పారు బాబూ" అంది. ఆమె కోసం కూడా ఒక స్క్రీన్ తెలుగులో కావాలి, రేపు డ్యూటీకి వచ్చేలోపు పంపగలరా?